స్క్రిప్టు చేత్తో పట్టుకుని ఆడిన నాటకాలు: రాజోలు వైపు రెండు సాయంత్రాలు

ముందే చెప్పేస్తున్నా, నేను పరిషత్తుల మనిషిని, అంటే నాటక పోటీల మనిషిని. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు పుట్టిన పాలకొల్లులో పుట్టి నాటకం పిచ్చి లేదంటే ఎవరూ నమ్మరు. ముప్పై ఏళ్లుగా నాటిక పోటీలు ఎక్కడ జరిగినా ముందు వరసలో కూర్చుని చూసి, బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర తిట్టి, మళ్లీ ఏడాది మళ్లీ వెళ్లే రకం. అలాంటి నాకు ఒకాయన ఫోన్ చేసి "కొత్త నాటకాల పండగండీ, సెట్టింగులుండవు, మేకప్పుండదు, నటులు స్క్రిప్టు చేత్తో పట్టుకునే చదువుతారు" అంటే నవ్వొచ్చింది. పోర్షన్, అంటే తన వంతు డైలాగులు, కంఠతా రానివాడిని మేం స్టేజీ ఎక్కనిచ్చేవాళ్లం కాదు. వీళ్లేమో పోర్షన్ రాకపోవడాన్నే పండగ చేస్తున్నారు.

అయినా వెళ్లాం, నేనూ మా బావమరిదీ. చించినాడ వంతెన దాటితే అవతల రాజోలు సీమే కదా, ఎంతసేపు. వాడికి నాటకాలంటే పడదు, వచ్చేటప్పుడు దిండి దగ్గర చేపల భోజనం అన్నాను కాబట్టి బండెక్కాడు.

చోటు ఒక కల్యాణ మండపం. పేరెందుకులెండి, పెళ్లిళ్లకి బాగానే ఉంటుందేమోగానీ నాటకానికి పనికిరాదు. పైన రేకులు, ఫ్యాన్లు వేస్తే మాట వినపడదు, ఆపితే చెమట. దోమలు సరేసరి, పక్కనే పంటకాలువ. అయిదున్నరకి మొదలన్నారు, నిజానికి ఏడు దాటింది. ఆ గంటన్నరా ఏం జరిగిందంటే సన్మానాలు. అమెరికా పద్ధతిలో పండగ చేస్తున్నామని కరపత్రంలో రాసుకున్నారు, శాలువాలు మాత్రం మన పద్ధతిలోనే కప్పారు, నేను లెక్కపెట్టాను, పదిహేడు. ప్రవేశం ఉచితమే, చివర్లో డబ్బా తిప్పారు, నేను రెండొందలు వేశాను, మా వాడు చూడనట్టు కూర్చున్నాడు.

అసలు సంగతికొస్తే, దీన్ని మొదలుపెట్టింది ఒక ఇంగ్లీషు లెక్చరరు గారు. వాళ్ల అక్క కొడుకు హ్యూస్టన్‌లో ఉంటే ఈయన అక్కడికి వెళ్లినప్పుడు లాటినెక్స్ రచయితల కొత్త నాటకాల పండగ చూశారట. లాటినెక్స్ అంటే మెక్సికో, క్యూబా, ప్యూర్టోరికో లాంటి చోట్ల మూలాలుండి అమెరికాలో ఉంటున్నవాళ్లు. మగవాళ్లయితే లాటినో, ఆడవాళ్లయితే లాటినా, ఆ తేడా లేకుండా అందరినీ కలిపి చెప్పడానికి చివర ఎక్స్ పెట్టుకున్నారు. హ్యూస్టన్‌లో స్టేజెస్ అనే థియేటరు వాళ్లు చేసే ఇలాంటి పండగ పేరు సిన్ మూరోస్, స్పానిష్‌లో గోడలు లేకుండా అని అర్థం. ఇలాంటి చోట్ల నాటకం ఇంకా పూర్తిగా తయారవదు. నటులు కొద్ది రోజులే రిహార్సల్ వేసి, ఎదురుగా స్టాండు మీద కాగితాలు పెట్టుకుని చదువుతారు. రాసినవాళ్లు జనంలోనే కూర్చుంటారు. అయ్యాక జనం మాట్లాడతారు, రాసినవాళ్లు నోట్సు రాసుకుని ఇంటికెళ్లి మళ్లీ రాస్తారు. బహుమతులుండవు. ఇది విన్నప్పుడే నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి, ఎందుకో తర్వాత చెప్తా.

లెక్చరరు గారు చరిత్ర కూడా కొంచెం చెప్పారు, ఎక్కువైందిగానీ బాగుంది. 1965లో కాలిఫోర్నియాలో డెలానో ద్రాక్షతోటల కూలీలు సమ్మె చేస్తుంటే, లూయిస్ వాల్డెజ్ అనే కుర్రాడు ఆ కూలీల చేతనే లారీ మీద చిన్న చిన్న నాటకాలు ఆడించాడట. వెంటనే వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి "మా ప్రజానాట్యమండలి వాళ్లు అంతకి ఇరవై ఏళ్ల ముందే చేశారు బాబూ" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. పెద్దాయన కూర్చోలేదు, ఇంకో పది నిమిషాలు బుర్రకథల గురించి చెప్పాడు, ఎవరూ ఆపలేదు, ఆపాలని నాకూ అనిపించలేదు. 1981లో న్యూయార్కులో మరియా ఐరీన్ ఫోర్నెస్ అనే ఆవిడ ఇంటార్ అనే థియేటరులో కొత్తగా రాసేవాళ్లకి బడి లాంటిది పెట్టిందనీ, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లలో నీలో క్రూజ్ ఒకడనీ, 2003లో నాటకానికి పులిట్జర్ బహుమతి అందుకున్న మొదటి లాటినో అతనేననీ చెప్పి, అతని నాటకంలోంచే రెండు రంగాలు తెలుగులో చదివించారు.

ఆ రెండు రంగాల గురించి నేను ఎంతైనా రాస్తాను, ఓపికుంటే చదవండి.

నాటకం పేరు 'అన్నా ఇన్ ద ట్రాపిక్స్'. 1929, ఫ్లోరిడాలో టాంపాలోని ఈబోర్ సిటీ అనే చోట క్యూబా వాళ్ల చుట్టల కార్ఖానా. అక్కడ పనివాళ్లు చుట్టలు చుడుతుంటే ఒకాయన ఎత్తు మీద కూర్చుని పేపర్లూ నవలలూ పైకి చదివి వినిపించేవాడట. అతనికి జీతం పనివాళ్లే తమ కూలిలోంచి ఇచ్చుకునేవాళ్లు. కథ కాదండీ, టాంపాలో నిజంగానే ఉండేవాళ్లు, 1931లో యజమానులు తీసేసేదాకా. ఈ నాటకంలో కొత్తగా వచ్చిన చదువరి టాల్‌స్టాయ్ నవల 'అన్నా కరేనినా' చదవడం మొదలుపెడతాడు, అది వింటూ వింటూ ఆ ఇంట్లోవాళ్ల కాపురాలే కదిలిపోతాయి.

ఇది విని గోదావరి వాడు ఊరుకోగలడా? లంక పొగాకు మనది. మా తాతమ్మ పొద్దున లేవగానే కాళ్లు బారజాపుకుని ఆకు తడిపి చుట్ట చుట్టుకోవడం నేను చూశాను. చదువు రాదు ఆవిడకి, కానీ ఎవరైనా భారతం చదువుతుంటే చుట్ట ఆరిపోయినా చూసుకునేది కాదు. స్టేజీ మీద నలుగురు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని కాగితాలు చూసి చదువుతున్నారు, ఆకు లేదు, చుట్ట లేదు, నాకు మాత్రం ఆ వాసన వచ్చింది. యాభై వేలు పోసి వేసిన సెట్టింగులో నాకెప్పుడూ రాని వాసన.

మా బావమరిది నిద్ర లేచింది ఎక్కడో చెప్పనా? ఆ నాటకం మొదలయ్యేదే కోడిపందెం దగ్గర. కార్ఖానా యజమాని పందెంలో ఓడి, సొంతవాడి దగ్గరే అప్పు తీసుకుంటాడు, తీర్చకపోతే కార్ఖానాలో వాటా ఇస్తానంటాడు, ఆ ఒప్పందం కాగితం మీద కాదు, అప్పిచ్చినవాడి బూటు అడుగున రాసి సంతకం పెడతాడు. అవతలివాడు ఆ బూటు తొడుక్కోడు, అక్షరాలు చెరిగిపోతాయని. సంక్రాంతికి భీమవరం వైపు బరుల దగ్గర ఏడాది సంపాదన పెట్టి వచ్చే మా వాడు అప్పటికి ఫోన్ జేబులో పెట్టేశాడు. "బావా, వీళ్లు మనోళ్లే" అన్నాడు.

తెలుగు చేసిన తీరులో లోపాలున్నాయి, చెప్పాలి. పుస్తకాల భాష ఎక్కువైంది. చుట్టలు చుట్టేవాడు "నా హృదయం ద్రవించింది" అనడు కదా. ఇదే మాటని మా వైపు యాసలో పెట్టుంటే జనం ఒన్స్ మోర్ కొట్టేవాళ్లు.

రెండో రోజు మనవాళ్లు రాసిన కొత్త నాటికలు నాలుగు. ఒకటి ముసలి తండ్రి, వృద్ధాశ్రమం, చివర్లో కొడుకు కాళ్ల మీద పడ్డం. పరిషత్తుల్లో ఇలాంటివి చూసీ చూసీ ఏ డైలాగుకి జడ్జి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడో కూడా చెప్పగలను. జనాన్ని ఏరు దాటించే పంటు నడిపేవాడు వంతెన వచ్చాక ఏమయ్యాడన్నది ఇంకోటి, ఊహ బాగుంది, ఊహ దగ్గరే ఆగింది. రొయ్యల చెరువు ఉప్పు పక్కవాడి వరిచేలోకి దిగడం మీద ఒకటి, గొడవ రక్తి కట్టింది కానీ మధ్యలో కలెక్టరు వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు. ఆ కలెక్టర్ని తీసేస్తే నాటిక నిలబడుతుంది, అక్కడే చెప్పాను కూడా.

నాలుగోది కువైట్ నాటిక. దీని కోసమైనా వెళ్లాల్సిందే. తల్లి పదకొండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వస్తుంది, మన కోనసీమలో ఏ వీధిలో చూసినా ఇలాంటి ఇల్లొకటి ఉంటుంది. అమ్మమ్మ దగ్గర పెరిగిన కూతురికి అమ్మంటే ఫోన్లో మొహం. రాసినావిడ ఒక టీచరు, ఇది మొదటి నాటికట. తల్లి మాటల్లో కంగారుపడ్డప్పుడల్లా "యల్లా, యల్లా" అని (పద, త్వరగా అని) దొర్లుతుంది, కూతురు విసుక్కుంటుంది. స్పానిష్, ఇంగ్లీషు కలగలిపి మాట్లాడుకునే ఇళ్ల గురించి లాటినెక్స్ వాళ్లు రాస్తారని ముందు రోజు లెక్చరరు గారు చెప్పారు, ఇక్కడ అదే పని అరబ్బీ చేస్తోంది, ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకుండానే.

చదవడం అయ్యాక జనాన్ని అడిగింది రెండే ప్రశ్నలు: ఏది గుర్తుండిపోయింది, ఎక్కడ నమ్మలేకపోయారు. సలహాలు వద్దన్నారు. (నేను కలెక్టర్ని తీసెయ్యమన్నది సలహా కిందకే వస్తుంది, మైకు లాక్కున్నారు.) కువైట్ నాటికలో కూతురు తల్లిని చూడగానే ఏడ్చి వాటేసుకుంటుంది. అప్పుడు మూలనున్న ఒకామె లేచింది, చేతిలో బిందె లాంటి హ్యాండ్‌బ్యాగు, మైకు తీసుకోలేదు. "ఏడవదండీ. ముందు పెట్టె వైపు చూస్తుంది. నేను పన్నెండేళ్లకి వచ్చాను, మా పిల్ల పెట్టెకేసే చూసింది" అంది. హాలంతా ఫ్యాన్ల చప్పుడొక్కటే. రాసినావిడ తలొంచుకుని రాసుకుంది.

పోటీల్లో ఇది జరగదు, అందుకే చెవులు నిక్కబొడుచుకున్నాయన్నాను. మన పోటీకి వచ్చే నాటిక అప్పటికే గట్టిపడిపోయి వస్తుంది, గంటలో కన్నీళ్లు రాబట్టాలి, ఉత్తమ రచన కొట్టాలి. అక్కడ ఆ బ్యాగు ఆమెకి మాట్లాడే వీలేదీ? మాట్లాడినా మార్చేదెవరు, షీల్డు ఇచ్చేశాక?

వెళ్లాలనుకునేవాళ్లకి: ఏడింటికి వెళ్తే చాలు, శాలువాలు తప్పించుకోవచ్చు. దోమల మందు రాసుకోండి. వెనక కూర్చుంటే సగం వినపడదు, మొదటి నాలుగు వరసలే. టీ నీళ్లగా ఉంది, రెండో రోజు పెట్టిన ఆత్రేయపురం పూతరేకులు మాత్రం అసలైనవి, నెయ్యి చేతికి అంటింది. నా మార్కులు అయిదుకి మూడున్నర, పోయిన ఒకటిన్నరా సన్మానాలకీ, రేకుల కప్పుకీ.

మర్నాడు పొద్దున్నే, నేను ఇంకా పళ్లు తోముకోలేదు, మా బావమరిది ఫోను. "బావా, ఇంతకీ ఆ బూటు ఏమైంది? బాకీ తీర్చాడా, కార్ఖానా పోయిందా?" నేను చెప్పలేదు. మిగతా రంగాలు వచ్చే నెల చదువుతారట, వస్తావా అన్నాను. పెట్రోలు తనదేనన్నాడు.