కొత్త ప్లాస్టిక్ ముక్క, పాచి పట్టిన ముక్క: చేపకు కాడ్మియం చేర్చడంలో ఏది ప్రమాదం?

5 మిల్లీమీటర్ల లోపు పాలిథీన్ ముక్కలన్నీ ఒకలా ప్రవర్తించవు. కొత్త ముక్క నున్నగా ఉంటుంది, నీటిని అంటనివ్వదు. కాడ్మియం అనే విష లోహపు అయాన్లు (నీటిలో కరిగిన, విద్యుదావేశమున్న కణాలు) పట్టుకోవడానికి దాని మీద చోటు తక్కువ. ఎండకు పసుపెక్కి, పగుళ్లిచ్చి, వేలికి జారే పాచి పట్టిన ముక్క వేరు. దాని పైపొరలో కార్బాక్సిల్ సమూహాలు (లోహ అయాన్లను పట్టుకునే, ఆక్సిజన్ ఉన్న భాగాలు) ఏర్పడతాయి. పాచిలోని జిగురూ తోడై లోహాన్ని బాగా పట్టేస్తుంది.

అయితే మొప్పల దగ్గర లెక్క తిరగబడవచ్చు. కాడ్మియం కరిగిన అయాన్‌గానే, కాల్షియం దారిన మొప్పల్లోకి దూరుతుంది. పాత ముక్క కొంత లాగేసుకుంటే మొప్పలకు ఆ మేరకు ఊరట.

మింగితే మాత్రం కథ వేరు. తిలాపియా పొట్టలో పీహెచ్ 2 దాకా పడిపోతుంది. ఆ ఆమ్లానికి లోహం ముక్కను వదిలేస్తుంది. బొచ్చె, శీలావతులకు జీర్ణాశయమే లేదు, పేగులో అంత ఆమ్లమూ ఉండదు. కాబట్టి తిలాపియా ఫలితాన్ని వీటికి అంటగట్టకూడదు.

ఏది ప్రమాదమో తేల్చే పరీక్షకు నాలుగు తొట్లు కావాలి: మామూలు నీరు, లోహం, ప్లాస్టిక్, రెండూ కలిపినది. కొత్త ముక్కలతోనే చేస్తే చెరువు సంగతి తెలియదు. 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడగట్టిన నీటినే కొలిస్తే ముక్కలకంటిన లోహం తప్పిపోతుంది, వడగట్టనిదీ కొలవాలి. చేపను కోసే ముందు మేత ఆపి, కనీసం 24 గంటలు శుభ్రమైన నీటిలో ఉంచాలి. లేదంటే పేగులోని ముక్కల మీది లోహం ఒంట్లో చేరిందని పొరబడతాం. నీటి కాఠిన్యమూ (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం మోతాదు) రాయాలి: కాల్షియం పెరిగితే కాడ్మియం విషం తగ్గుతుంది.