యెరూషలేము నాలుగు నియమాలు: ఇప్పటికీ పాటించాలా, ఆ కాలానికేనా?

బైబిల్లోని అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సంఘ పెద్దలు అన్యజనుల (యూదులు కాని) విశ్వాసులకు చెప్పినవి నాలుగే: విగ్రహార్పితం (విగ్రహాలకు అర్పించిన తిండి), రక్తం, గొంతుపిసికి చంపినది, జారత్వం మానాలి.

ఇప్పటికీ పాటిస్తే: మనసుకు టెన్షన్ ఉండదు. 692లో ట్రుల్లో సభ (తూర్పు సంఘ పెద్దల సమావేశం) కూడా రక్తాన్ని నిషేధించింది. కానీ మాంసం కొన్నప్పుడల్లా ఎలా కోశారో అడగాలి, తినేవాళ్లకు తీర్పు తీర్చే ప్రమాదమూ ఉంది.

ఆ కాలానికే అనుకుంటే: తిండి విషయం తేలిక. 1442లో ఫ్లోరెన్స్ సభ (కాథలిక్ సంఘ పెద్దల సమావేశం) రక్తం నిషేధం ఆ కాలానికేనని చెప్పింది. జారత్వాన్నీ ఇందులో కలిపేస్తే మాత్రం ఘోరం, పౌలు దాన్ని ఎక్కడా సడలించలేదు.

నాకు రెండోదే సరైనదనిపిస్తుంది. అంగట్లో కొన్నది అడక్కుండా తినండి. పక్కింటివాళ్లు ప్రసాదమని చెప్పి ఇస్తే, పౌలు రాసిన 1 కొరింథీయులు 10 ప్రకారం, ఆ చెప్పినవాళ్ల కోసమే మర్యాదగా వద్దనండి. రక్తం వేపుడు చూసి బాధపడే కొత్త విశ్వాసి ఇంట్లో ఉంటే మొదటిదే మేలు.