మా ఊళ్లో పడుకునే బస్సు: పద్నాలుగేళ్ల నైట్ హాల్ట్

ఎర్రబస్సు సీట్ల గురించి, కిటికీల గడగడ గురించి కొత్తగా చెప్పేదేముంది? నేను రాసేది ఒక్క నైట్ హాల్ట్ గురించే. ఉమ్మడి వరంగల్ జిల్లాలో మాది చివరి ఊరు, రోడ్డు మా చెరువు కట్ట దగ్గర అయిపోతుంది. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చే ఆఖరి బస్సు వెనక్కి పోదు. ఇక్కడే పడుకుని పొద్దున అయిదున్నరకు మొదటి బస్సై బయల్దేరుతుంది. ఇంటర్, డిగ్రీ, ఇప్పుడు టౌన్లో మందుల షాపులో పని... అన్నిటికీ దాంట్లోనే పోయాను.

దీని విలువ వేరే రోడ్డు మీదున్న మా మేనత్త వాళ్ల ఊరికి తెలుసు. అక్కడికి బస్సు డిపో నుంచి రావాలి, వచ్చేసరికి ఏడు దాటుతుంది. పాల క్యాన్లు, కూరగాయల మూటలు అంతసేపు ఆగవు కదా. మా బస్సు రాత్రి మా దగ్గరే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున ఖాళీ బండిని ఇంత దూరం తోలే డీజిలూ మిగులుతుంది. డ్రైవరన్న, కండక్టరన్న దోమతెరలు కట్టుకుని అందులోనే పడుకుంటారు. కండక్టరన్న తల కింద పైసల సంచి. టిక్కెట్ మిషన్ చార్జింగ్ మాత్రం మా ఇంట్లో.

2016 ఏప్రిల్ సంగతి చెప్పాలి. డిగ్రీ చివరి ఏడు, హనుమకొండలో పరీక్ష, రెండు బస్సులు మారాలి. అప్పటి బండికి సెల్ఫ్ సరిగా పనిచేసేది కాదు. అందుకే కట్ట దిగే వాలు మీద ఆపేవాళ్లు, పొద్దున బ్రేకు వదిలితే దానంతటదే దొర్లి అందుకునేది. ఆ రాత్రి వాలు మీద ఎవరో వడ్ల ట్రాక్టరు పెట్టారు. చేసేదిలేక బస్సును బడి ముందు చదును మీద ఆపారు.

పొద్దున కిర్రు కిర్రుమంది, టక్కున ఆగింది. "దిగుండ్రి, తోయాలె" అన్నడు డ్రైవరన్న. దిగాం. కూరగాయల అవ్వ మాత్రం మూటలు దించనంటే దించనంది. "అవి దించితే నువ్వు నన్ను ఇడిసిపెట్టి పోతవ్ కొడుకా!" హాల్‌టికెట్ పళ్ల మధ్య పెట్టుకుని నేనూ తోశాను. రెండుసార్లు తోసినా లాభం లేదు. చివరికి ట్రాక్టరాయన్ని నిద్రలేపితే లుంగీ మీదే వచ్చి, మోకు కట్టి లాగాడు. దారి మూసిన ట్రాక్టరే దారి చూపింది. గుప్పున పొగ, ఇంజను అందుకుంది. ఆపితే మళ్లీ మొదటికొస్తుందని డ్రైవరన్న బడి చుట్టూ నెమ్మదిగా తిప్పుతుంటే ఒక్కొక్కరం ఉరుకుతూ ఎక్కాం. అవ్వను కండక్టరన్న రెక్క పట్టి పైకి లాగాడు. హనుమకొండ చేరేదాకా నేను వాచీ చూడలేదు. పరీక్షకు పది నిమిషాల ముందు పోయాను. ఆ తర్వాత సర్పంచు వాలు దగ్గర సున్నంతో గీత గీయించాడు: ఇది బస్సు జాగ.

అయిదున్నరంటే అయిదున్నరే అని అందరికీ చెప్తుంటాను గానీ, వానాకాలం వాగు పొంగిన రోజులు అందులో లెక్కేయను. రెండేళ్లకోసారి మేడారం జాతరకు బస్సులన్నీ అటే పోతాయి, అప్పుడు మా కట్ట బోసిపోతుంది. సమ్మక్క తల్లి దగ్గరికి పోయే బస్సు మీద కోపం ఎట్ల తెచ్చుకుంటాం? 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మెలో 52 రోజులూ మాత్రం షేరు ఆటోకు జీతంలో చాలానే పెట్టాను. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పైసలు తీసుకోని జీరో టిక్కెట్ వచ్చింది, బస్సు చార్జీ డబ్బంతా మిగులుతోంది. కాకపోతే మూడో ఊరికే బస్సు నిండుతుంది. మొదటి ఊరిదాన్ని కాబట్టి నాకు కిటికీ సీటు దొరుకుతుంది, తర్వాతి ఊళ్ల వాళ్లు ఈ సమీక్ష రాస్తే ఇట్లా ఉండదు.

నా మాటను నా ఇంటి దూరంతో కలిపి చదవండి. మా గడప నుంచి బస్సు యాభై అడుగులు. తండా పిల్లలు రెండు కిలోమీటర్లు చీకట్లో నడిచి రావాలి, వాళ్లకు అయిదున్నర వరమేం కాదు. రాత్రి ఎనిమిదిన్నర దాటే డ్యూటీలున్నవాళ్లకు ఈ బస్సు ఉన్నా లేనట్టే. మా తమ్ముడు బండి కొనుక్కున్నాడు, వాణ్ని అడిగితే దీనికి ఒక్క స్టారు కూడా ఇవ్వడు.

ఇప్పటి బండి సెల్ఫ్ బాగానే ఉంది, అయినా వాలు మీదే ఆపుతారు. నిన్న రాత్రి మళ్లీ అక్కడ ఎవరిదో ట్రాక్టరు కనబడింది. అన్నం చేయి కడుక్కుని పోయి తీయించి వచ్చాను.