కంకణాలు రెండు, యుద్ధం ఒకటి: సర్జా, గడువా?

2008 సెప్టెంబర్ 26 రాత్రి మిసిసిపీ విశ్వవిద్యాలయంలో అమెరికా అధ్యక్ష అభ్యర్థుల తొలి చర్చ జరుగుతోంది. ఇరాక్ ప్రస్తావన రాగానే రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్ తన చేతికున్న కంకణం సంగతి ఎత్తారు. ఇరాక్‌లో చనిపోయిన ఒక సైనికుడి తల్లి ఇచ్చిన కంకణం అది. కొడుకు చావు వృథా కాకుండా చూస్తానని ఆవిడ తన దగ్గర మాట తీసుకుందట. వెంటనే డెమొక్రాట్ల అభ్యర్థి బరాక్ ఒబామా, కంకణం నాకూ ఉంది అన్నారు. అదీ కొడుకును పోగొట్టుకున్న తల్లి ఇచ్చిందే. నాకు పట్టిన గతి ఇంకో తల్లికి పట్టకుండా చూడమని ఆవిడ అడిగిందట.

కంకణం కట్టుకున్నాడంటే ఇక వెనక్కి తగ్గడని మన భాషలో అర్థం. ఇక్కడ ఇద్దరూ కట్టుకున్నారు, కాకపోతే ఎదురెదురు పనులకు. ఒకరిది ఉండి గెలవాలన్న పట్టు, ఇంకొకరిది తేదీ పెట్టుకుని బయటపడాలన్న పట్టు. ఈ రెంటిలో ఏది మేలని ఆ ఏడాదంతా అమెరికా వాదులాడుకుంది.

ఆ వాదన వింటే ఇద్దరూ రెండు వేర్వేరు యుద్ధాల గురించి మాట్లాడుతున్నారేమో అనిపిస్తుంది. మెకెయిన్ కథ 2007 జనవరిలో, సర్జ్ అని పేరుపడ్డ అదనపు బలగాల ప్రకటనతో మొదలవుతుంది. ఒబామా కథ 2003 మార్చిలో, దండయాత్రతో మొదలవుతుంది. యుద్ధం 2007లోనే మొదలైనట్టు మాట్లాడుతున్నారేమిటని ఒబామా ఆ రాత్రి నేరుగా దెప్పిపొడిచారు కూడా. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నది ఆయన వాదన. 2002 అక్టోబర్‌లోనే షికాగోలో ఈ యుద్ధాన్ని వ్యతిరేకించిన మనిషి కాబట్టి అలా అనడానికి ఆయనకు హక్కుంది. తొక్కిన సంగతి సరే, ఇప్పుడు కడగడం ఎలాగో చెప్పమన్నది మెకెయిన్ వాదన. అడగాల్సిన ప్రశ్నే. కాబట్టి యుద్ధానికి దిగడం తప్పా ఒప్పా అన్నది ఇక్కడ పక్కన పెడతాను. దిగడం తప్పేనని నా అభిప్రాయం, కానీ ఆ సమాధానంతో 2007లో బాగ్దాద్ వీధిలో ఏం చేయాలో తేలదు.

ముందు సర్జ్ సంగతి. 2006 ఫిబ్రవరి 22న సమర్రాలో షియాలకు పవిత్రమైన అల్ అస్కరీ మసీదును పేల్చేశారు. ఆ తర్వాత షియా, సున్నీ ముఠాలు ఒకరినొకరు వేటాడుకున్నాయి. ఆ ఒక్క ఏడాదిలో 34 వేలకు పైగా పౌరులు చనిపోయారని ఐక్యరాజ్యసమితి లెక్కగట్టింది. నవంబర్ 7 నాటి మధ్యంతర ఎన్నికల్లో రిపబ్లికన్లు కాంగ్రెస్ రెండు సభలూ పోగొట్టుకున్నారు. మర్నాడే రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ నిష్క్రమణ ఖాయమైంది. ఇక అధ్యక్షుడు బుష్ వెనక్కి తగ్గుతారని అందరూ అనుకుంటుండగా, 2007 జనవరి 10న ఆయన ఇంకో ఐదు బ్రిగేడ్లు పంపుతున్నానని ప్రకటించారు. మొదట ఇరవై వేల పైచిలుకు అన్నారు, సహాయక దళాలతో కలిపి చివరికది ముప్ఫై వేల దాకా పెరిగింది.

తలల లెక్క ఒక్కటే చూస్తే సర్జ్ అర్థం కాదు. అప్పటిదాకా పెద్ద స్థావరాల్లో ఉంటూ, పగలు గస్తీ తిరిగి చీకటి పడగానే వెనక్కి వెళ్ళిపోయే సైనికులను ఇరాక్‌లో అమెరికా సేనల కమాండర్ జనరల్ పెట్రేయస్ తీసుకొచ్చి పేటల మధ్యే కాపురం పెట్టించారు. పేటకూ పేటకూ మధ్య కాంక్రీటు గోడలు లేచాయి. దీనికి కట్టిన మూల్యం తక్కువేమీ కాదు. ఇరాక్‌లో సైనికుల ఒక్కో విడత పన్నెండు నెలల నుంచి పదిహేను నెలలకు పెరిగింది. 2007లో 900 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు, ఆ యుద్ధంలో అంత మంది పోయిన ఏడాది మరొకటి లేదు. మరుసటి ఏడాది ఆ సంఖ్య 300 చిల్లరకు దిగింది. ఇరాకీ పౌరుల చావులూ బాగా తగ్గాయి. ఇది ఎవరూ కాదనలేని మార్పు.

ఇదంతా సర్జ్ పుణ్యమేనా అన్న దగ్గర పేచీ మొదలవుతుంది. అన్బార్ రాష్ట్రంలో సున్నీ తెగల పెద్దలు అల్ ఖైదా మీద తిరగబడింది 2006 సెప్టెంబర్‌లో, రమాదీలో. అంటే సర్జ్ ప్రకటనకు నాలుగు నెలల ముందే. తర్వాత ఆ తిరుగుబాటు మిగతా ప్రాంతాలకు పాకి, దాదాపు లక్ష మంది కాపలాదారులు నెలకు సుమారు 300 డాలర్ల జీతం మీద అమెరికా పక్షానికి వచ్చారు. నిన్నటిదాకా కాల్చినవాళ్ళూ అందులో ఉన్నారు. 2007 ఆగస్టు చివర్లో షియా నేత ముఖ్తదా అల్ సదర్ తన మహ్దీ సేనను కాల్పులు ఆపమన్నారు. బాగ్దాద్‌లో కలిసి బతికిన పేటలు అప్పటికే చాలావరకు విడిపోయి, తరమడానికి పక్కింట్లో అవతలివాడే మిగల్లేదు. ఇది చెప్పడానికి బాధగా ఉంటుంది కానీ, హింస తగ్గడంలో దీనికీ వాటా ఉంది.

మెకెయిన్ మాత్రం 2008 జూలైలో ఒక టీవీ ఇంటర్వ్యూలో, అన్బార్ తిరుగుబాటు సర్జ్ వల్లే మొదలైందన్నారు. నా కోడీ నా కుంపటీ లేకపోతే తెల్లారదన్నట్టుంది కదా! తేదీల పొరపాటు బయటపడ్డాక, సర్జ్ అంటే మొత్తం వ్యూహమని సర్దిచెప్పుకున్నారు. అయినా ఆయన వైపు నుంచి ఒక మాట చెప్పాలి. రమాదీలో రాజుకున్న తిరుగుబాటు బాగ్దాద్ దాకా పాకడానికి, ఎదురు తిరిగినవాళ్ళ వీధి చివరే సైనికులు ఉండటం కారణం కాదా? తిరగబడ్డవాడికి రాత్రి కాపలా లేకపోతే తెల్లారేసరికి ప్రాణం ఉండేది కాదు. తెగల తిరుగుబాటు, అదనపు సైన్యం ఒకదాన్నొకటి నిలబెట్టాయనే నా నమ్మకం.

అసలు లోపం వేరే చోట ఉంది. ఇరాకీ నేతలు రాజీకి రావడానికి కాస్త వ్యవధి సంపాదించడమే సర్జ్ ఉద్దేశమని బుష్ స్వయంగా చెప్పారు. దానికి 18 కొలమానాలు పెట్టుకున్నారు. 2007 సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం లెక్క తీస్తే 3 పూర్తయ్యాయి, 4 సగంలో ఉన్నాయి, 11 కాలేదు. సైనికులు వ్యవధి సంపాదించి పెట్టారు. నేతలు దాన్ని తినేశారు.

ఇక గడువు పక్షం. 2007 జనవరి 30న ఒబామా సెనేట్‌లో పెట్టిన బిల్లు ప్రకారం యుద్ధ బ్రిగేడ్లన్నీ 2008 మార్చి 31కల్లా ఇరాక్ వదలాలి. ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ 246–182 ఓట్లతో సర్జ్‌ను తప్పుపట్టింది. ఉపసంహరణ తేదీతో ముడిపెట్టిన నిధుల బిల్లును మే 1న బుష్ వీటో చేశారు. ప్రచారంలోకి వచ్చేసరికి ఒబామా మాట నెలకు ఒకటీ రెండూ బ్రిగేడ్ల చొప్పున పదహారు నెలలుగా స్థిరపడింది. అమెరికా సైన్యం ఎప్పటికీ కాపలా ఉంటుందన్న ధీమా ఉన్నంతకాలం ఇరాకీ నేతలు రాజీపడరని, తేదీ పెడితేనే కదులుతారని ఆయన తర్కం. అఫ్గానిస్తాన్ గాలికి వదిలేశారన్నది రెండో ఫిర్యాదు. పై కొలమానాల లెక్క చూశాక ఆ తర్కాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

కానీ 2007 జనవరిలోనే తేదీ పెట్టి ఉంటే? వీధుల్లో రోజూ శవాలు తేలుతున్న సమయంలో వెళ్ళిపోతున్నాం అని చెబితే, రాజీకి వచ్చేవాళ్ళ కన్నా ఆయుధాలు పోగేసుకునేవాళ్ళే ఎక్కువగా ఉండేవారు. అదనపు బలగాలు హింసను తగ్గించవు, పెంచుతాయి అని ఒబామా అప్పట్లో అన్నారు. ఆ అంచనా తప్పింది. 2008 సెప్టెంబర్‌లో, సర్జ్ ఎవరూ ఊహించనంతగా ఫలించిందని ఒప్పుకున్నారు గానీ, నేను పొరబడ్డాను అన్న మాట మాత్రం నోట రాలేదు. ఎన్నికల ముందు ఏ నాయకుడి నోటా అంత తేలిగ్గా రాదులెండి.

మధ్యే మార్గాలూ లేకపోలేదు. 2006 డిసెంబర్‌లో బేకర్, హామిల్టన్ నడిపిన, రెండు పార్టీల వాళ్ళూ ఉన్న ఇరాక్ అధ్యయన బృందం 79 సిఫార్సులిచ్చింది. ఇరాన్, సిరియాలతో మాట్లాడమంది, 2008 మొదటి మూడు నెలలకల్లా యుద్ధ బ్రిగేడ్లను తీసేయవచ్చంది. అదే నివేదికలో, కమాండర్ కోరితే బాగ్దాద్‌కు తాత్కాలికంగా అదనపు బలగాలు పంపడానికీ చోటుంచింది. ఇద్దరికీ పనికొచ్చే పత్రం కాబట్టే కాబోలు ఇద్దరిలో ఎవరూ దాన్ని మొత్తంగా తీసుకోలేదు. ఇరాక్‌ను షియా, సున్నీ, కుర్దు ప్రాంతాల సమాఖ్యగా మార్చాలన్న జో బైడెన్ సూచన సెనేట్‌లో 75 ఓట్లు తెచ్చుకుంది. బాగ్దాద్‌లో నేతలు మండిపడ్డారు. అంతటితో సరి.

ప్రచారంలో ఎక్కువ దుమారం రేపింది మాత్రం వంద ఏళ్ళ మాట. 2008 జనవరి మొదట్లో న్యూ హాంప్‌షైర్ సభలో, బుష్ యాభై ఏళ్ళు ఉండాల్సి రావచ్చంటున్నారు కదా అని ఒకరు అడగబోతే, వందేళ్ళైనా ఫరవాలేదు అన్నారు మెకెయిన్. జపాన్, కొరియాల్లో ఉన్నట్టు, మన సైనికులెవరూ చావకుండా ఉండేటట్టయితే అని వెంటనే కలిపారు కూడా. డెమొక్రాట్లు తోక కత్తిరించి, వందేళ్ళ యుద్ధం అని ఊదరగొట్టారు. అది అన్యాయం. అయితే తోక అతికించినా ఆ పోలిక నిలబడదని నాకనిపిస్తుంది. జపాన్‌లో లొంగుబాటు తర్వాత ఆక్రమణ సేన మీద తుపాకీ ఎత్తినవాళ్ళు లేరు. ఇరాక్‌లో ఆక్రమణ సాగినంతకాలం తుపాకులు దిగనేలేదు.

2008 వేసవిలో ప్రశ్నే మారిపోయింది. వీధులు కాస్త కుదుటపడ్డాయి. ఇరాక్ ప్రధాని నూరీ అల్ మాలికీ బస్రాలో షియా మిలీషియాల మీదకు సొంత సైన్యాన్ని పంపి ధైర్యం తెచ్చుకున్నారు. జూలైలో ఒక జర్మన్ పత్రికతో మాట్లాడుతూ, ఒబామా చెప్పిన పదహారు నెలలు ఇంచుమించు సరైనవేనన్నారు. గడువు అన్న మాటే గిట్టని శ్వేతసౌధం ఆ రోజుల్లోనే కాల పరిధి అనే కొత్త మాట కనిపెట్టింది. పేరు మార్చినంత మాత్రాన తేదీ తేదీ కాకుండా పోతుందా? 2008 నవంబర్ 17న బాగ్దాద్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2009 జూన్ 30కల్లా నగరాల నుంచి, 2011 డిసెంబర్ 31కల్లా దేశం నుంచి అమెరికన్ సైనికులందరూ వెళ్ళాలి. గడువు బిల్లును వీటో చేసిన బుష్ ప్రభుత్వమే గడువుకు సంతకం పెట్టింది.

కాబట్టి ఏది మేలంటే, ఎప్పుడు అని ఎదురు ప్రశ్న వేస్తాను. 2007 జనవరిలో సర్జ్ మేలు, మెకెయిన్ మాటే సరైనది. 2008 జూలైకి గడువు మేలు, ఒబామా మాటే సరైనది. ఇంటివాడే వెళ్ళమంటుంటే గెలిచేదాకా కదలనని మొండికేయడం వ్యూహం అనిపించుకోదు. ఇద్దరిలో ఎవరూ రెండు సందర్భాల్లోనూ సరిగ్గా లేరు. ఓటర్లకు మాత్రం ఈ తీర్పుతో అవసరమే పడలేదు. సెప్టెంబర్ 15న పెట్టుబడుల బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది. పోలింగ్ రోజు సర్వేలో 63 శాతం మంది ఆర్థిక స్థితే ముఖ్యమన్నారు, ఇరాక్ అన్నవాళ్ళు 10 శాతం. సర్జ్ ఫలించి ఇరాక్ మొదటి పేజీల నుంచి జారిపోవడం వల్ల, దాన్నే నమ్ముకున్న మెకెయిన్ సరుకుకు గిరాకీ తగ్గింది.

తర్వాతి కథ కూడా ఎవరికి కావలసినట్టు వాళ్ళు చెప్పుకుంటారు. 2014 జూన్‌లో ఇరాక్ నగరం మోసుల్ ఐసిస్ ఉగ్రవాదుల చేతిలో పడగానే, తొందరపడి వచ్చేశారని రిపబ్లికన్లు, ఆ తేదీ మీ బుష్ పెట్టిందేనని డెమొక్రాట్లు. నా చూపు మాత్రం ఆ లక్ష మంది సున్నీ కాపలాదారుల మీదకే పోతుంది. వాళ్ళలో ఐదో వంతు మందికి సైన్యంలో, పోలీసులో ఉద్యోగాలిస్తామని మాట ఇచ్చి, మాలికీ ప్రభుత్వం నాన్చింది. పూర్తి కాని కొలమానాల జాబితా పక్కన ఆ అప్పు కూడా రాసుకోవాలి.

గెలిచిన ఒబామా బుష్ రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్‌నే కొనసాగించారు. 2009 డిసెంబర్ 1న వెస్ట్ పాయింట్‌లో, అఫ్గానిస్తాన్‌కు ఇంకో 30 వేల మందిని పంపుతున్నానని, 2011 జూలై నుంచి వెనక్కి రప్పించడం మొదలుపెడతానని ఒకే ప్రసంగంలో చెప్పారు. సైన్యాన్ని పంపడం మంచిదేనన్న మెకెయిన్, తేదీ చెప్పడం మాత్రం తప్పన్నారు.