ఒకటో నంబరు వదిలేసి 337 నుంచి మొదలుపెట్టండి

సూపర్‌హీరో కామిక్స్ ఎక్కడి నుంచి చదవాలని ఎవరు అడిగినా చాలా ఏళ్లుగా నేను ఒకటే చెబుతున్నాను: మార్వెల్ వాళ్ల థోర్ పత్రిక, 337వ సంచిక. కథ రాసి బొమ్మలు కూడా వేసే వాల్టర్ సైమన్సన్ 1983లో ఆ సంచికతో థోర్‌ని చేతిలోకి తీసుకుని 1987లో 382వ సంచికతో వదిలాడు. మధ్యలో ఒక్క 356 మాత్రం వేరేవాళ్లది. ఈ వరసని మొదటి నుంచి చివరి దాకా చదివాను, నచ్చిన భాగాలు విడిగా మళ్లీ చదివాను, కామిక్స్ కొత్తగా మొదలుపెట్టే స్నేహితులకి ఇచ్చి వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో కూడా గమనించాను. థోర్ ఎవరు, సుత్తి కథేమిటి, లోకీ ఎలాంటివాడు అన్నవి సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు కాబట్టి అందులోకి పోను.

337 అనగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ముందున్న 336 సంచికలు చదవకుండా ఎలా అని. చాలామందిని గుమ్మంలోనే ఆపేసే భయం ఇది. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కవర్ మీద నంబరు చూసి కథ ఎక్కడ మొదలైందో చెప్పలేం. థోర్‌నే తీసుకోండి. అతను మొదట కనిపించింది 1962లో, జర్నీ ఇన్‌టు మిస్టరీ అనే పత్రిక 83వ సంచికలో. అంతకుముందు 82 సంచికల్లో అతని ఊసే లేదు. 1966లో 126వ సంచిక దగ్గర పత్రిక పేరు థోర్ అని మారింది, నంబర్లు మాత్రం అలాగే సాగాయి. అంటే థోర్ పేరుతో వచ్చిన మొట్టమొదటి సంచిక నంబరు 126.

మరోవైపు అమేజింగ్ స్పైడర్‌మ్యాన్‌కి 1999, 2014, 2015, 2018, 2022లో మళ్లీ మళ్లీ ఒకటో నంబరు వేశారు. 2011లో డీసీ అనే మరో కామిక్స్ సంస్థ తన పత్రికల్ని 52 కొత్త ఒకటో నంబర్లతో తిరిగి మొదలుపెట్టింది. అయినా బ్యాట్‌మ్యాన్, గ్రీన్ లాంటర్న్ పాత కథలు చాలావరకు అలాగే కొనసాగాయి. ఒకటో నంబరు చూసి ధైర్యంగా చేతిలోకి తీసుకున్నవాడికి లోపల సగం సంగతులు అర్థం కావు, తప్పు తనదే అనుకుని పక్కన పెట్టేస్తాడు. ఇలా మానేసిన మంచి పాఠకులు నాకు తెలుసు, అందుకే ఈ ఒకటో నంబర్ల వ్యవహారం మీద నాకు కోపం. కొత్తవాళ్లు చూడాల్సింది రచయిత ఎక్కడ మారాడన్నది. ఒక రచయిత వరసగా చేసిన సంచికలని రన్ అంటారు. రన్ మొదలయ్యే చోటే అసలైన తలుపు ఉంటుంది.

అలాంటి తలుపుల్లో 337 కంటే మంచిది నాకు ఇంతవరకూ దొరకలేదు. ఆ సంచిక ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. (కథ ముందే తెలియకూడదు అనుకునేవాళ్లు ఈ పేరా, తర్వాతి పేరా వదిలేసి చదవండి.) గూఢచారి సంస్థ అధిపతి నిక్ ఫ్యూరీ వచ్చి, అంతరిక్షం నుంచి ఏదో నౌక వస్తోంది, చూసి రమ్మంటాడు. థోర్ వెళ్తాడు. నౌకలో గుర్రపు ముఖం ఉన్న ఒక వింత జీవి. పేరు బీటా రే బిల్. ఇద్దరూ కొట్టుకుంటారు. సుత్తి చేతి నుంచి జారి 60 సెకన్లు దాటితే థోర్ మామూలు మనిషైపోతాడన్నది అప్పటి నియమం. సరిగ్గా అదే జరుగుతుంది. థోర్ కుంటి డాక్టర్ డొనాల్డ్ బ్లేక్‌గా మారిపోతాడు, సుత్తి చేతికర్రగా మారిపోతుంది. బిల్ ఆ కర్రని తీసుకుని గోడకేసి కొడతాడు. థోర్ శక్తి, థోర్ దుస్తులు, అన్నీ బిల్‌కి వచ్చేస్తాయి. ఆ తర్వాత దేవతల లోకం ఆస్గార్డ్ నుంచి ఓడిన్ తన కొడుకుని రమ్మని పిలుస్తాడు. సుత్తి ఎవరి దగ్గరుంటే వాళ్లే వెళ్లిపోతారు కాబట్టి బిల్ మాయమైపోతాడు. బ్లేక్ ఒక్కడే భూమి మీద నిలబడి తండ్రిని పిలుస్తూ ఉండిపోతాడు. సంచిక అక్కడితో అయిపోతుంది.

ఇందులో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. అర్హత ఉన్నవాడికే ఈ శక్తి దక్కుతుందని సుత్తి మీద రాసి ఉంటుంది. పాత పాఠకులు ఆ మాటని రెండు దశాబ్దాలుగా చూస్తూనే ఉన్నారు. ఆ అర్హత ఇంకొకరికి ఉంటే ఏమవుతుందో ఆ సంచిక దాకా వాళ్లకీ తెలియదు. కొత్తవాడికి ఎలాగూ తెలియదు. చివరి పేజీ దగ్గర ఇద్దరూ ఒకే చోట నిలబడి ఉంటారు. పాత సంగతులు తెలిసినవాడికి అదనపు లాభం ఉండదు, తెలియనివాడికి నష్టం ఉండదు. 60 సెకన్ల నియమాన్ని కూడా సైమన్సన్ ఎవరో కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పడు, ఆ నియమం వల్లే కథ మలుపు తిరుగుతుంది. కవర్ కూడా ఇదే చెబుతుంది: థోర్ దుస్తుల్లో ఉన్న బిల్ సుత్తితో పత్రిక పేరు అక్షరాలనే బద్దలు కొడుతుంటాడు. రన్ ఎలా మొదలుపెట్టాలో నేర్చుకోవాలనుకునే రచయితలకి ఆ ఒక్క సంచిక చాలు.

దీనికి తోడు ఆ మోత ఒకటి. 337 మొదట్లోనే ఎక్కడో నక్షత్రాల మధ్య ఎవరో ఒక పెద్ద ఆకారం నిప్పుల ముద్దని సుత్తితో కొడుతూ కనిపిస్తుంది. డూమ్ అనే అక్షరాలు పేజీ నిండా. ఎవరో చెప్పరు. తర్వాత సంచికల్లో అసలు కథ ఆపి ఒక పేజీయో, రెండు మూడు ప్యానెల్సో మళ్లీ అదే మోత. ఏదో ఆయుధం తయారవుతోందని మెల్లగా అర్థమవుతుంది. ఆ అక్షరాలు రాసింది జాన్ వర్క్‌మన్. అక్షరాలు చూస్తే శబ్దం వినిపిస్తుందని కామిక్స్ చదవనివాళ్లకి చెబితే నమ్మరు గానీ, ఇక్కడ నిజంగా వినిపిస్తుంది. ఆ మోత ఎవరిదో తేలి యుద్ధం ముగిసేది 353లో. ఓడిన్, థోర్, లోకీ ముగ్గురూ ఒకే వైపు నిలబడే పేజీ అందులోనే ఉంది. అక్కడికి చేరినప్పుడు ఇన్ని సంచికలు ఓపిక పట్టినందుకు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

362లో స్కర్జ్ కథ గురించి ఎక్కువ చెప్పను. చిన్న స్థాయి విలన్, అమోరా అనే మంత్రగత్తె వెంట తిరిగి అవమానాలు మింగినవాడు. మిగతావాళ్లు తప్పించుకునేలా ఒంటరిగా వంతెన మీద నిలబడతాడు. అతని పాత చరిత్ర తెలియని స్నేహితురాలు కూడా ఆ సంచిక చదివి కళ్లు తుడుచుకుంది.

ముందు కథేమీ తెలియక్కర్లేదు అన్న మాట 372 దాకా నిజం. నిజానికి 363లోనే సీక్రెట్ వార్స్ 2 అనే బయటి కథ లోపలికి వస్తుంది. కానీ అక్కడ తిరిగొచ్చే కర్స్ అనే రాక్షసుడు ఇదే వరసలో మలెకిత్ అనే విలన్ చేతిలో మోసపోయిన అల్గ్రిమ్ కాబట్టి పెద్దగా ఇబ్బంది అనిపించదు. 373, 374 సంచికలు అలా కాదు. 1986లో మ్యూటెంట్ మాసకర్ అనే క్రాస్‌ఓవర్ వచ్చింది. న్యూయార్క్ అడుగున సొరంగాల్లో దాక్కుని బతికే మోర్లాక్స్ అనే మ్యూటెంట్లని (పుట్టుకతోనే వింత శక్తులున్నవాళ్లని) మరాడర్స్ అనే ముఠా ఊచకోత కోస్తుంది. ఈ కథ ఎక్స్-మెన్, ఎక్స్-ఫ్యాక్టర్, న్యూ మ్యూటెంట్స్, పవర్ ప్యాక్, థోర్ పత్రికల మధ్య తిరుగుతుంది. ఆస్గార్డ్ కథలో మునిగి ఉన్న నాకు ఉన్నట్టుండి సొరంగాలు, శవాలు, రెక్కలకి మేకులు దిగి గోడకి వేలాడుతున్న ఏంజెల్ కనిపించారు. థోర్ వచ్చి కాపాడతాడు. ఎవరు ఈ ఏంజెల్? ఎందుకు ఇదంతా?

తెలుసుకుందామని థోర్ పక్కన పెట్టి బయల్దేరాను. ఎక్స్-మెన్ 210 పట్టుకుంటే అది ఎక్స్-ఫ్యాక్టర్ 9కి పంపింది. ఎక్స్-ఫ్యాక్టర్ అర్థం కావాలంటే దాని మొదటి సంచిక కావాలి. ఆ మొదటి సంచికలో, చనిపోయిందనుకున్న ఎక్స్-మెన్ నాయిక జీన్ గ్రే బతికే ఉంది. ఆమె తిరిగొచ్చిన కథ అవెంజర్స్ 263లో, ఫెంటాస్టిక్ ఫోర్ 286లో ఉంది. ఆమె చనిపోయిన కథ 1980 నాటి ఎక్స్-మెన్ 137లో ఉంది. ఒక సంచిక అర్థం కావడానికి ఇంకొకటి, దానికి మరొకటి. ఏ పేజీ చదువుతున్నా ఇది కాదు అసలు చదవాల్సింది అనే టెన్షన్. ఆ గొలుసులో కథ మీద ఆసక్తి పోయి లెక్కలు సరిచూసే పనిలా తయారైంది. చాలా కాలం థోర్ జోలికే పోలేదు.

మళ్లీ ఎప్పుడో తెరిచి, ఏమీ వెతక్కుండా 373, 374 ఉన్నదున్నట్టు చదివి 375కి వెళ్లాను. అప్పుడు అర్థమైంది, సొరంగాల గొడవ ఎందుకు మొదలైందో తెలియకపోయినా థోర్ కథకి లోటు లేదు. అతనికి ఏం జరుగుతోంది, శరీరం ఎందుకు మొరాయిస్తోంది, తర్వాత కవచం ఎందుకు తొడుక్కోవాల్సి వచ్చింది అన్నది ఈ పత్రికలోనే దొరుకుతుంది. ఇంకో సంగతి తెలిశాక కోపం కాస్త చల్లబడింది కూడా. ఆ రోజుల్లో ఎక్స్-ఫ్యాక్టర్ రాస్తున్నది వాల్టర్ భార్య లూయీస్ సైమన్సన్. పదో సంచిక నుంచి అక్కడ బొమ్మలు వేసింది వాల్టరే.

బొమ్మల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఈ రన్ మొత్తం సైమన్సనే గీశాడని అనుకుని మొదలుపెడితే నిరాశ తప్పదు. 367 తర్వాత ఎక్కువగా సాల్ బుసెమా బొమ్మలే. ఆయన మంచి ఆర్టిస్టే, కథ చెప్పడంలో ఎక్కడా తడబడడు. కానీ సైమన్సన్ గీతలో ఉన్న ఆ కోణాలు, ఆ ఊపు అలవాటయ్యాక కళ్లు వాటినే వెతుకుతాయి. చివర్లో 380 మాత్రం వదలకండి. మహాసర్పం జార్మంగాండ్‌తో థోర్ యుద్ధం, పేజీకి ఒకే బొమ్మ చొప్పున నడుస్తుంది.

దేవతల సంభాషణ పాతకాలపు ఇంగ్లీషులో ఉంటుంది. నాకు అది ఇష్టం, చాలామందికి మొదటి పది పేజీల్లోనే విసుగు వస్తుంది. ప్రతి నెలా విడిగా అమ్మే రోజుల్లో రాసినవి కాబట్టి జరిగిన కథ, పాత్రల పేర్లు, శక్తులు ప్రతి సంచికలోనూ మళ్లీ చెబుతారు. కొత్తవాడికి ఇది వరం. నేను రాత్రికి ఒక్క సంచిక చొప్పున చదివేవాణ్ని కాబట్టి ఎప్పుడూ బరువనిపించలేదు. సెలవుల్లో కూర్చుని వరసగా చదివేస్తాం అనేవాళ్లకి మాత్రం పునరుక్తి తగులుతుంది. 2011లో రన్ మొత్తం ఒకే పుస్తకంగా వచ్చిన ఆమ్నిబస్‌లో స్టీవ్ ఒలిఫ్ బృందం మళ్లీ రంగులు వేసింది. నిప్పు, మంచు ఉన్న పేజీలు వెలిగిపోతాయి. పాత చవక కాగితం మీద రంగులకి అలవాటుపడ్డ నాకు కొన్ని ముఖాలు మరీ నున్నగా అనిపిస్తాయి. పైగా వెయ్యి పేజీలు దాటిన ఆ పుస్తకం పడుకుని చదివేది కాదు. చేతులు నొప్పి పుడతాయి. విడి భాగాలుగా దొరికితే అవే తీసుకోండి.

నాకు పురాణాల మోజు ఉంది, దేవుళ్లు రాక్షసులు కొట్టుకుంటే పేజీలు తిప్పేస్తాను. ఈ రన్ నాకు అంతగా ఎక్కడానికి సగం కారణం అదే కావచ్చు. మీకు వీధి, నేరం, చీకటి కావాలంటే ఫ్రాంక్ మిల్లర్ డేర్‌డెవిల్‌ని 168 నుంచి చదవండి. బొమ్మలతో పాటు ఆయన రచన కూడా చేపట్టింది 1981లో వచ్చిన ఆ సంచికతోనే, ఎలెక్ట్రా అనే హంతకురాలు వచ్చేదీ అందులోనే. భయం కావాలంటే 1984 నాటి స్వాంప్ థింగ్ 21. రచయిత అలాన్ మూర్ చేరింది 20కి, కానీ అది పాత కథ కొసలు ముడివేసే సంచిక. వయసులో చిన్నవాళ్లకి నేను థోర్ ఇవ్వను. కమలా ఖాన్‌తో 2014లో మొదలైన మిస్ మార్వెల్ ఇస్తాను. అక్కడ మాత్రం ఒకటో నంబరు నిజంగానే ఒకటో నంబరు.

థోర్ ప్రయత్నించేవాళ్లు ముందు 337 నుంచి 340 దాకా నాలుగే చదవండి. బిల్ కథ అక్కడికి ఒక కొలిక్కి వస్తుంది. నచ్చకపోతే అక్కడే ఆపేయొచ్చు, ఏమీ మధ్యలో వదిలేసినట్టు కాదు. నచ్చితే 353 దాకా ఆగకండి. 373 వచ్చినప్పుడు వేరే పత్రిక ఏదీ వెతక్కుండా ముందుకి వెళ్లిపోండి.