2026 గోడ క్యాలెండర్ రివ్యూ: పన్నెండు నెలలూ చేతులే

క్రిస్మస్ దగ్గర పడుతుంటే సికింద్రాబాద్ చర్చి ఆవరణల్లో పుస్తకాల స్టాళ్లు వెలుస్తాయి. అలాంటి ఒక స్టాల్లో కొన్నాను ఈ క్యాలెండర్. ధర 180 రూపాయలు. వాగ్దాన క్యాలెండర్ అనగానే మనకు గుర్తొచ్చేది ఏ జలపాతమో, సూర్యోదయమో, పచ్చిక మీద గొర్రెపిల్లలో, కింద బంగారు రంగులో ఒక వచనం. ఇది అలా లేదు. నెలకొక బొమ్మ, ప్రతి బొమ్మా బైబిల్లోని ఒక సంఘటన, అన్నిట్లోనూ ముఖ్యంగా కనిపించేవి చేతులే. యేసు ముఖం కూడా ఏ నెలలోనూ లేదు. స్టాల్ దగ్గర ఒకావిడ "ముఖం లేకపోతే ఇంట్లో ఎలా పెట్టుకుంటామమ్మా" అంటూ తిరిగి పెట్టేసింది. నేను మాత్రం ఇంటికొకటి, క్లినిక్‌కొకటి తీసుకున్నాను. నేను ఫిజియోథెరపిస్టుని. పడిపోయిన చేతుల్ని, బిగుసుకుపోయిన వేళ్లని మళ్లీ పనిలోకి తేవడమే నా ఉద్యోగం. అందుకే ఈ బొమ్మల్ని బాగా దగ్గర నుంచి చూశాను.

జనవరి బొమ్మ ఒక్కదానికే ఆ డబ్బు ఇచ్చేయొచ్చు. మార్కు మొదటి అధ్యాయంలోని కుష్ఠరోగి. మట్టిరంగు నేపథ్యంలో రెండు చేతులు. కింది నుంచి పైకి చాచిన చెయ్యి రోగిది. దాని ఉంగరపువేలు, చిటికెనవేలు లోపలికి వంకర తిరిగి ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ కరిగిపోయి గుంట పడింది. మోచేతి దగ్గర అల్నార్ నరం దెబ్బతింటే చెయ్యి సరిగ్గా ఇలాగే అవుతుంది. మామూలుగా ఈ కథకు బొమ్మ వేసేవాళ్లు నాలుగు కట్లు కట్టి, ఎర్రటి పుండ్లు వేసి ఊరుకుంటారు. ఈ చిత్రకారుడెవరో అలాంటి చేతిని ఎదురుగా పెట్టుకుని గీశాడు. బైబిల్లో కుష్ఠు అన్నది ఈనాటి కుష్ఠువ్యాధి ఒక్కటే కాదు, చాలా రకాల చర్మవ్యాధులు అందులో ఉన్నాయి. అది తెలిసిన విషయమే. అయినా మన దేశంలో ఆ మాట వినగానే ఎవరికైనా తట్టేది ఈ చెయ్యే కాబట్టి, బొమ్మ మనకు సరిపోయింది.

పై నుంచి వచ్చిన రెండో చెయ్యి ఆ వంకర వేళ్ల మీద ఆనింది. పైన తేలుతూ ఆశీర్వదిస్తున్నట్టు లేదు, పూర్తిగా ఆనింది, చర్మం కాస్త నొక్కుకుపోయేలా. లేవీయకాండం 13వ అధ్యాయం ప్రకారం ఆ మనిషి బట్టలు చింపుకొని, పైపెదవి కప్పుకొని, "అపవిత్రుడను, అపవిత్రుడను" అని కేకలు వేస్తూ పాళెం బయట ఒంటరిగా బతకాలి. అతన్ని ముట్టుకుంటే ముట్టుకున్నవాడికి మైల. మరి బాగుచేయడానికి ముట్టుకోవడం తప్పనిసరా? కాదు. మత్తయి 8వ అధ్యాయం తీయండి. మొదట ఈ కుష్ఠరోగి కథే ఉంటుంది, వెంటనే శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి, అతని దాసుడి కథ. ఆ దాసుణ్ణి యేసు చూడను కూడా లేదు, మాట అన్నాడు, అక్కడ ఇంట్లో అతను బాగైపోయాడు. కుష్ఠరోగి విషయంలోనూ మాట చాలు. అయినా ముందు చెయ్యి చాపి ముట్టాడు, ఆ తర్వాతే "నాకిష్టమే, నీవు శుద్ధుడవు కమ్ము" అన్నాడు. శుద్ధి అయ్యాక ముట్టుకోవడం ఎవరైనా చేస్తారు. శుద్ధి కాకముందే ముట్టుకున్నాడు. స్పర్శ జబ్బు కోసం కాదు, ఆ మనిషి కోసం. ఈ క్యాలెండర్‌లో మంచి బొమ్మలన్నీ ఈ సంగతి తెలిసి వేసినవే, తేలిపోయిన బొమ్మలన్నీ దీన్ని మరిచి వేసినవే.

నా ఉద్యోగంలో చూసింది ఒకటి చెప్పాలి. పాలమూరు వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మందుల కోర్సు ఎప్పుడో పూర్తయింది, జబ్బు లేదు, వేళ్లు మాత్రం వంగిపోయాయి. పొయ్యి మీది గిన్నె దించితే కాలినట్టు కూడా తెలిసేది కాదట, అరచేతిలో పాత మచ్చలు చాలా ఉన్నాయి. చెయ్యి చూపించమంటే కొంగు కింద దాచుకుంది. ఆ అల్నార్ నరం ఎంత లావెక్కిందో తెలియాలంటే మోచేతి వెనక వేళ్లు పెట్టి తడిమి చూడాలి. నేను తడుముతుంటే ఆమె నా ముఖంలోకి చూసి, "ముట్టుకుంటున్నవా బిడ్డా?" అని అడిగింది. పక్కన కొడుకు తల దించుకున్నాడు. స్పర్శ పోయింది ఆమె అరచేతికే, ముట్టుకోవడం మానేసింది మాత్రం ఇంట్లోవాళ్లందరూ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడితే నయమైపోతుంది, వాడటం మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది. ఈ నాలుగు ముక్కలు జనవరి పేజీలో ఒక మూల వేసి ఉంటే ఎంత బాగుండేది! పైగా జనవరి 30 మన దేశంలో కుష్ఠు నివారణ దినం. సేవాగ్రామ్ ఆశ్రమంలో కుష్ఠు సోకిన పర్చురే శాస్త్రికి గాంధీగారు తన చేతులతో సేవ చేశారు కాబట్టి ఆయన వర్ధంతినే ఆ రోజుగా పాటిస్తారు. ఆ గడిలో "గాంధీ వర్ధంతి" అని మాత్రమే ఉంది. నా కాపీలో నేను పెన్నుతో రాసుకున్నాను.

ఫిబ్రవరి బొమ్మ రక్తస్రావంతో బాధపడిన స్త్రీ. నేల దగ్గర నుంచి చాచిన చెయ్యి, యేసు అంగీ అంచుని రెండు వేళ్లు అందుకున్నాయి, చుట్టూ గుంపు కాళ్లు. పన్నెండేళ్ల జబ్బు, ఉన్నదంతా వైద్యులకే పోయింది. మైల ఉన్న మనిషి తానే వచ్చి ముట్టుకోవడం ఇక్కడి సంగతి. "నన్ను ముట్టిందెవరు" అని యేసు అడిగితే, ఇంతమంది మీద పడుతుంటే అదేం ప్రశ్న అంటారు శిష్యులు. సాయంత్రం అమీర్‌పేట మెట్రోలో రైలు మారేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఎంతమంది భుజాలు తగులుతాయో, అందులో ఒక్కటీ స్పర్శ కాదు. ఆయన ఆగి వెతికి ఆమెను "కుమారీ" అన్నాడు. గుంపులో దొంగలా వచ్చిన చెయ్యి దొరతనంగా ఇంటికి వెళ్లింది.

మార్చిలో, యేసును సిలువకు అప్పగించిన అధిపతి పిలాతు చేతులు కడుక్కోవడం. పళ్లెం, నీళ్లు, అంతే. బాగుంది. ఈ చేతులకి ఇంకో చెయ్యి తగలదు, అది కావాలనే వేశారనుకుంటాను.

ఏప్రిల్‌లో తోమా, గాయాలు ముట్టుకుని చూస్తే గానీ యేసు లేచాడని నమ్మనన్న శిష్యుడు. ఈసారి ఈస్టర్ 5వ తేదీ, తర్వాతి ఆదివారం 12న చాలా చర్చిల్లో ఈ భాగమే చదువుతారు కాబట్టి నెల సరిగ్గా కుదిరింది. గాయంలో తోమా వేలు పెట్టినట్టు వేయడం మామూలు. యోహాను 20లో "నీ వ్రేలు ఇటు చాచి" అని పిలుపు ఉంది గానీ, తోమా ముట్టుకున్నట్టు ఎక్కడా లేదు. "నా ప్రభువా, నా దేవా" అనేశాడు. ఇందులో వేలికీ గాయానికీ మధ్య సన్నటి ఖాళీ వదిలారు. ముట్టుకోమని తన చెయ్యి తానే ముందుకు చాపినవాడి అరచేతిలో మచ్చ ఉంది. లేచిన శరీరానికి కూడా ఆ మచ్చలు పోలేదు. మచ్చలున్న చేతుల్ని దాచుకునేవాళ్ల మధ్య పనిచేసేదాన్ని, ఈ పేజీ తిప్పబుద్ధి కాలేదు.

జూన్ బొమ్మలో తప్పుంది. ఊచచెయ్యి గలవాడికి ఎడమ చెయ్యి ఎండిపోయినట్టు వేశారు. లూకా 6:6 అది కుడిచెయ్యి అని స్పష్టంగా చెబుతుంది. చిన్న తప్పని కొట్టిపారేయకండి. పనిచేసుకుని బతికేవాడికి కుడిచెయ్యి పోవడమంటే అన్నం పోవడమే. అదలా ఉంచితే, ఇక్కడ యేసు అతన్ని ముట్టలేదు, "నీ చెయ్యి చాపు" అన్నాడు, అంతే. ఆ చెయ్యి ఎవరి సాయం లేకుండా చాపినట్టు గీయడం నాకు నచ్చింది. మేము రోజూ అడిగేది అదే, నువ్వే కదుపు అని.

జూలైలో మోషే. అమాలేకీయులతో యుద్ధంలో అతని చేతులు పైకెత్తి ఉన్నంతసేపే తనవాళ్లు గెలుస్తారు, ఆ చేతులు బరువెక్కుతాయి, అహరోను, హూరు చెరోవైపు నిలబడి పొద్దుగూకేదాకా పట్టుకుంటారు. చేతులు పైకెత్తి ఉంచడం ఎంత కష్టమో మీరే చూడండి, ఐదు నిమిషాల్లో భుజం మంట పుడుతుంది. బొమ్మలో వాళ్లు మణికట్టు దగ్గర కాకుండా మోచేయి కింద ఆసరా ఇచ్చారు. అలాగే పట్టుకోవాలి.

ఆగస్టు నుంచి నవంబరు దాకా చేయి తిరిగినవాడు సెలవు మీద వెళ్లాడా అనిపిస్తుంది. మబ్బుల్లోంచి కిరణాలు, పెద్ద పెద్ద అరచేతులు. "నా యరచేతులమీదనే నిన్ను చెక్కియున్నాను" అన్న యెషయా 49వ అధ్యాయపు మాటకి, అరచేతిలో గుండె ఆకారం గీశారు. అక్కడ ప్రవక్త మాట్లాడుతున్నది కూలిపోయిన సీయోను, అంటే యెరూషలేము గురించి, పక్క మాటలోనే ప్రాకారాలు ఉన్నాయి. గుండె గుర్తు దానికి చాలదు. నవంబరు అయితే దానియేలు గ్రంథంలో గోడ మీద రాసిన చెయ్యి, మంటలు కక్కుతూ ఉంది. గ్రంథంలో ఉన్నది మామూలు మనిషి చేతి వేళ్లు. అందుకే అది చూసిన బెల్షస్సరు రాజు మోకాళ్లు కొట్టుకున్నాయి.

డిసెంబరు మళ్లీ బాగుంది. పసిబిడ్డ గుప్పిట్లో తల్లి చూపుడువేలు. అరచేతికి ఏది తగిలినా పట్టేసుకోవడం అప్పుడే పుట్టిన పిల్లలకు సహజం, ఆ పట్టులో వేళ్ల కణుపులు తెల్లబడటం కూడా వేశారు. కింద యోహాను మొదటి పత్రికలోని "మా చేతులు దేనిని తాకి చూచెనో" అన్న మాట.

వాడకం సంగతి. కాగితం మందంగా ఉంది, పైన స్పైరల్ గట్టిగా ఉంది, పేజీ తిప్పితే చిరగదు. తెలంగాణ ప్రభుత్వ సెలవులు, మట్టల ఆదివారం, బూడిద బుధవారం అన్నీ ఉన్నాయి. తేదీ గడులు మాత్రం చిన్నవి, పాల లెక్క, గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ రాసుకునేవాళ్లకి చోటు చాలదు. మా అత్తయ్యగారికి వచనాల అక్షరాలు ఆనలేదు, భూతద్దం పెట్టుకుని చదువుతున్నారు. ఇంకొంచెం పెద్దవి వేయాల్సింది.

నాకు లోటనిపించింది దొర్కా, ఆమెకే తబితా అని ఇంకో పేరు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఆమె చనిపోతే, ఆమె కుట్టిన అంగీలనూ వస్త్రాలనూ విధవరాండ్రు పట్టుకొచ్చి పేతురుకి చూపిస్తూ ఏడుస్తారు. అతను ముందు "తబితా, లెమ్ము" అంటాడు, ఆమె కళ్లు తెరిచి కూర్చుంటుంది, అప్పుడు చెయ్యి అందించి లేవనెత్తుతాడు. బతికించేసిన తర్వాత ఇంక ఆ చెయ్యి అవసరం లేదు, అయినా అందించాడు. కుట్టుపని చేసే ఆడవాళ్లు ఇంతమంది ఉన్న మన చర్చిల్లో ఈ బొమ్మ లేకపోవడం ఏంటి? వెనక అట్ట మీద ప్రచురించినవాళ్ల ఫోన్ నంబరు ఉంటే చేసి మాట్లాడాను. వచ్చే ఏడాది మంటల చెయ్యి తీసేసి దొర్కాను వేయమని, ఊచచెయ్యి కుడివైపుకి మార్చమని అడిగాను. రాసుకున్నామన్నారు. ఈ ఏడాది కాపీలు ఇంకా ఉన్నాయట.