సోయా పాల మిషన్: ఎనిమిది నెలలు వాడాక

మిషన్ కొనే ముందు ఒక వారం పాటు నోట్‌బుక్‌లో లెక్క రాశాను. ఇంట్లో నలుగురం: నేను, మా వారు, అత్తయ్యగారు, మా అమ్మాయి. పాలు, చీజ్, వెన్న, గుడ్లు, మాంసం ఏ రోజు ఎంత వాడామో ఆ రోజే రాసుకున్నాను. మాంసం మేం వారానికి ఒక్కసారే తింటాం, అదీ కోడిమాంసం. అందుకే పర్యావరణం విషయంలో మా ఇంటి వంతు ఎప్పుడో తీరిపోయిందని నమ్మేదాన్ని. వారం చివర కూడి చూస్తే పాలే పద్నాలుగు లీటర్లు తేలాయి. మిగతావన్నీ కలిపి తూచినా అందులో నాలుగో వంతుకి రాలేదు.

నేను హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. నెమరువేసే జంతువు పొట్టలో గడ్డి పులిసి మీథేన్ ఎలా పుడుతుందో ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తాను. ఆ వాయువులో ఎక్కువ భాగం త్రేన్పుగా నోట్లోంచే బయటికొస్తుందని చెబితే పిల్లలు నవ్వుతారు. వందేళ్ళ లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ఇరవై ఏళ్ళ లెక్కన దాదాపు 80 రెట్లు. ఇదంతా తెలిసి కూడా మాంసం గురించే ఆలోచించాను తప్ప, పొద్దున్నే స్టవ్ మీద పెట్టే పాలగిన్నె గురించి ఆలోచించలేదు. పాలిచ్చే ఆవూ నెమరువేసేదే కదా.

2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల సమాచారాన్ని ఒకచోట చేర్చి ‘సైన్స్’ పత్రికలో వ్యాసం వేశారు. నేను ఆధారపడింది దాని మీదే. వాళ్ళ లెక్కలో ప్రపంచ సగటున లీటరు ఆవు పాలకి దాదాపు 3.2 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వాయువులు వెలువడతాయి. 9 చదరపు మీటర్ల నేల, 628 లీటర్ల నీళ్ళు పడతాయి. లీటరు సోయా పాలకి కిలో లోపు వాయువులు, చదరపు మీటరు కంటే తక్కువ నేల, 28 లీటర్ల నీళ్ళు చాలు. చీజ్ అంకె చూసి ఆగిపోయాను. కిలోకి కిలో లెక్కేస్తే అది కోడిమాంసం కంటే రెట్టింపు పైనే ఉంది.

ఇక మిషన్ సంగతి. మిక్సీ జార్ కంటే కాస్త పెద్ద స్టీలు పాత్ర, అడుగున హీటర్. మూతలోనే మోటారు ఉంటుంది, దాని నుంచి బ్లేడు కిందికి దిగుతుంది. ఒక్కసారికి 1.2 లీటర్లు వస్తాయి. గుప్పెడు తక్కువా ఎక్కువా కాకుండా 110 గ్రాముల ఎండు సోయా గింజలు రాత్రి నానబెడతాను. పొద్దున్న కడిగి మిషన్లో వేసి, గీత దాకా నీళ్ళు పోసి బటన్ నొక్కితే 25 నిమిషాల్లో బీప్ అంటుంది. వడకట్టుకుంటే పాలు సిద్ధం.

దీని గొప్పతనం రుబ్బడంలో లేదు, రుబ్బే సమయంలో ఉంది. అంతకుముందు రెండుసార్లు మిక్సీలో వేసి, గుడ్డలో పిండి, గిన్నెలో కాచి చూశాను. రెండుసార్లూ పచ్చి వాసన. మా అమ్మాయి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అక్కడే దించేసింది. ఆ వాసన సోయా గింజలో ముందే ఉండేది కాదు. చల్లటి నీళ్ళలో గింజ నలగగానే లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్ గింజలోని నూనెని ఆక్సిజన్‌తో కలుపుతుంది. వాసన అప్పుడు పుడుతుంది. పుట్టాక ఎంతసేపు కాచినా పూర్తిగా పోదు. గింజల్ని బాగా వేడి నీళ్ళలోనే రుబ్బితే ఎంజైమ్ పనిచేసేలోపే చెడిపోతుంది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు ఈ పద్ధతిని 1960ల్లోనే చూపించారు. ఈ మిషన్ కూడా ముందు నీళ్ళు కాగబెట్టి, ఆ తర్వాతే బ్లేడు తిప్పుతుంది. మొదటి రోజు వచ్చిన పాలకి ఉడికిన గింజ వాసనే ఉంది, పచ్చి వాసన లేదు. మా ఇంట్లో ఈ అలవాటు నిలబడింది ఆ ఒక్క తేడా వల్లే.

రెండో మంచి గుణం పొంగకపోవడం. సోయా పాలు ఇంకా 100 డిగ్రీలకి చేరకముందే, 80 దాటగానే నురగ కట్టి గిన్నె అంచు దాకా లేస్తాయి. అది చూసి మరిగిపోయాయనుకుని స్టవ్ కట్టేసేవాళ్ళు చాలామంది. అలా దించిన పాలలో, మన పొట్టలో ప్రొటీన్‌ని అరిగించే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ని అడ్డుకునే పదార్థం ఇంకా మిగిలి ఉంటుంది. అది ప్రొటీన్ అరగనివ్వదు, కడుపు ఉబ్బరిస్తుంది. నిజంగా మరిగాక ఇంకో పది నిమిషాలు సన్నమంట మీద ఉంచాల్సిందే. మిషన్లో నురగ పైకి లేచి చిన్న కడ్డీకి తగలగానే హీటర్ ఆగుతుంది, నురగ తగ్గగానే మళ్ళీ మొదలవుతుంది. ఎనిమిది నెలల్లో ఒక్కసారే పొంగింది. ఆ రోజు కడ్డీ మీద ఎండిన పాలు నేను తుడవలేదు.

‘క్విక్’ అని ఇంకో బటన్ ఉంది గానీ, దాన్ని వాడొద్దని గట్టిగా చెబుతాను. పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది, అందులో మరిగేది రెండు మూడు నిమిషాలే. ఒకరోజు స్కూలుకి లేటవుతోందని ఆ బటన్ నొక్కాను. మధ్యాహ్నానికి నాకూ, మా వారికీ కడుపు ఉబ్బరం. ఆరోగ్యానికి సంబంధించిన విషయం కాబట్టి కంపెనీ ఆ బటన్ తీసేయాలి, లేదా గింజలకి కాదని మిషన్‌తో ఇచ్చే పుస్తకంలో రాయాలి.

పుస్తకంలో ఇంకో రెండు మాటలు నమ్మొద్దు. నానబెట్టక్కర్లేదు అని రాశారు. నానబెట్టకపోతే పాలు పలచగా, అడుగున ఇసకలా వస్తున్నాయి. వడకట్టక్కర్లేదు అని కూడా రాశారు. మా ఇంట్లో వడకట్టని పాలు రెండో గుక్క ఎవరూ తాగలేదు. మిషన్‌తో వచ్చిన జల్లెడ కళ్ళు పెద్దవి. పల్చటి నూలుగుడ్డ వేసి పిండితే గానీ నున్నగా రావు.

కాఫీలో పోస్తే విరుగుతాయా అని అందరూ అడుగుతారు. అవును, కాఫీ మరీ వేడిగా ఉంటే విరుగుతాయి. కాఫీలో పులుపుంటుంది. పులుపూ వేడీ కలిస్తే సోయా ప్రొటీన్ గడ్డకడుతుంది. ముందు కప్పులో గోరువెచ్చటి సోయా పాలు పోసి, కాస్త చల్లారిన కాఫీని మెల్లగా పోయండి. నాకు పదిసార్లలో తొమ్మిదిసార్లు విరగడం లేదు. టీతో ఈ ఇబ్బంది అసలు రాలేదు. రుచి విషయంలో ఒక్క మాట. ఇవి ఆవు పాలలా ఉండాలని తాగితే మీకు నచ్చవు. నాకు నచ్చడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు చిటికెడు ఉప్పు, ఒక ఖర్జూరం వేసి రుబ్బిస్తున్నాను, మా అమ్మాయి చల్లగా ఫ్రిజ్‌లోంచి తీసుకుని తాగుతోంది.

ఓట్స్ ఇందులో వేయకండి. వేడికి ఓట్స్‌లోని పిండిపదార్థం జిగురైపోతుంది. ఫ్యాక్టరీల్లో ఎంజైమ్ వాడి ఆ పిండిని చక్కెరలుగా విడగొడతారు కాబట్టి డబ్బాలో కొనే ఓట్ పాలు పలచగా ఉంటాయి. బాదం పాలు బ్రహ్మాండంగా వస్తాయి గానీ, ఆ 2018 లెక్కలో లీటరు బాదం పాలకి 371 లీటర్ల నీళ్ళు. పండగలా ఎప్పుడైనా చేసుకుంటాను, రోజూ కాదు.

సోయా అనగానే అమెజాన్ అడవులు నరికి పండిస్తున్నారు కదా అని మా స్టాఫ్‌రూంలో ఒకరు నిలదీశారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే ప్రపంచంలో పండే సోయాలో మూడొంతులకు పైగా పశువులకీ కోళ్ళకీ దాణాగా వెళుతుంది. మనుషులు నేరుగా పాలుగా, టోఫుగా తినేది చాలా చిన్న వాటా. గింజ నేను తింటే ఒక పొలం చాలు. అదే గింజ జంతువుకి పెట్టి దాని నుంచి నా ప్రొటీన్ తీసుకోవాలంటే అనేక పొలాలు కావాలి.

కరెంటు సంగతి కూడా చూడకుండా వదల్లేదు. ప్లగ్ దగ్గర పెట్టే చిన్న మీటరుతో కొలిచాను. ఒక్కసారి తిప్పితే 0.18 యూనిట్ అవుతోంది. 1.2 లీటర్ల నీళ్ళని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికే 0.1 యూనిట్ కావాలి, కాబట్టి వృథా మరీ ఎక్కువ లేదు. మొత్తం బొగ్గు కరెంటే అనుకున్నా యూనిట్‌కి సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ చొప్పున లీటరుకి 150 గ్రాములు పెరుగుతాయి. ఆవు పాలతో ఉన్న తేడాని అది చెరపలేదు.

ఇప్పుడు వారానికి అయిదుసార్లు మిషన్ వేస్తున్నాను, అంటే ఆరు లీటర్ల సోయా పాలు. ఆవు పాలు పద్నాలుగు నుంచి ఆరు లీటర్లకి తగ్గాయి. ఎనిమిది లీటర్లు తగ్గితే ఆరు లీటర్లే ఎందుకు సరిపోయాయంటే, ఆ మిగతా రెండు లీటర్లూ ఫ్రిజ్‌లో మిగిలిపోయి పారబోసేవే అని ఇప్పుడు తెలిసింది. ప్రపంచ సగటు అంకెలతో గుణిస్తే మా ఇంటి వల్ల వెలువడే వాయువులు ఏడాదికి దాదాపు టన్ను తగ్గుతాయి. మా ప్రాంతపు ఆవుల అంకె వేరుగా ఉండొచ్చు, అయినా తగ్గుదల చిన్నదేమీ కాదు.

ఆ మిగిలిన ఆరు లీటర్లలో సగం అత్తయ్యగారివి. మిషన్ వచ్చిన రోజే ఆవిడ, “నా రాత్రి గ్లాసు జోలికి మాత్రం రాకమ్మా, మిగతాదంతా నీ ఇష్టం” అన్నారు. రాలేదు, రాను కూడా. ఆవిడకి ఎనభై దగ్గరపడుతోంది, ఎముకలు గుల్లబారుతున్నాయని డాక్టరు చెప్పారు. ఇంట్లో చేసిన సోయా పాలలో ప్రొటీన్ బాగానే ఉంటుంది గానీ కాల్షియం ఆవు పాలలో ఉన్నంత ఉండదు. బి12 అసలు ఉండదు. డబ్బాల్లో అమ్మేవాటిలో చాలావరకు ఇవి విడిగా కలుపుతారు, కలిపిన కాల్షియం అడుగుకి చేరుతుంది కాబట్టి బాగా ఊపి పోసుకోవాలి. ఏడాది లోపు పసిపిల్లలకి తల్లిపాల బదులుగానో డబ్బాపాల బదులుగానో ఈ ఇంటి పాలు పట్టకండి. సోయా పడనివాళ్ళు కూడా ఉంటారు, మొదట కొంచెమే తాగి చూడండి.

పిప్పి గురించి ఎవరూ ముందు చెప్పలేదు. ప్రతిసారీ దాదాపు రెండు గుప్పెళ్ళు వస్తుంది. అందులో పీచు, కొంత ప్రొటీన్ ఉంటాయి, పారేయడానికి మనసొప్పదు. కానీ తడిగా ఉంటుంది కాబట్టి తొందరగా పులుస్తుంది. నేను అదేరోజు రొట్టె పిండిలోనో సూపులోనో కలిపేస్తాను. వారంలో రెండుసార్లు కుదరక మొక్కల ఎరువులో కలుపుతాను. పాలు మాత్రం ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తున్నాయి.

కడగడం ఈ మిషన్‌తో అసలైన కష్టం. వడకట్టిన అయిదు నిమిషాల్లో నీళ్ళు పోసేయాలి. లేకపోతే అడుగున అంటుకున్న పొర గట్టిపడి, మర్నాడు అదే మాడి పాలన్నిటికీ కమురు వాసన పట్టిస్తుంది. మోటారు మూతలో ఉంది కాబట్టి దాన్ని నీళ్ళలో ముంచకూడదు, బ్లేడు చుట్టూ తడిబట్టతో తుడవాలి. ఇచ్చిన బ్రష్ చిన్నది, చెయ్యి బ్లేడుకి తగులుతుంది. పొడుగు పిడి ఉన్న సీసా బ్రష్ ఒకటి విడిగా ఉంచుకోండి. నాలుగో నెలలో మోటారు ఆగిపోతే సర్వీసుకి ఇచ్చాను, పంతొమ్మిది రోజులు తిప్పించుకున్నారు. ఆ రోజుల్లో మళ్ళీ మిక్సీ, గిన్నె పద్ధతికి వచ్చాను. ఈసారి మరిగే నీళ్ళు పోసి, మిక్సీ మూత కొద్దిగా తెరిచి, కొంచెం కొంచెంగా రుబ్బాను. పచ్చి వాసన చాలా తగ్గింది.

అందుకే రోజుకి ఒకటి రెండు కప్పులే తాగే ఇంటికి ఈ మిషన్ కొనమని నేను చెప్పను. స్టీలూ, మోటారూ తయారవడానికీ ఖర్చయ్యే వనరులున్నాయి, అటక మీద పడి ఉంటే అవన్నీ దండగ. నలుగురైదుగురు ఉండి, లీటర్లలో పాలు వాడే ఇంటికి మాత్రం మంచి వస్తువు. అయిదుకి నాలుగు ఇస్తాను.

ఆ తగ్గించిన ఒకటి కడిగే కష్టానికి కాదు. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు సాగడం మొదలైంది, రోజూ కాస్త ఆవిరి పక్కల నుంచి వస్తోంది. విడిగా రింగు అడిగితే మొత్తం మూత మార్చుకోమంటున్నారు, అంటే మోటారుతో సహా. బాగా పనిచేస్తున్న మోటారుని నేను చెత్తలో వెయ్యలేను. దీనికి సరిపోయే రింగు విడిగా ఎక్కడైనా దొరికిందని మీలో ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, కొలత లోపలి అంచు నుంచి సరిగ్గా 13 సెంటీమీటర్లు.